రాతిపువ్వుల లెక్క

హీయుమా దీవిలో, చర్చి వెనక శ్మశానంలో
హెల్యు పని రాళ్లు తోమడం.
బకెట్టు, సున్నపు నీళ్లు, తీగల బ్రష్షు.
పోయినవాళ్ల పేర్ల మీద పేరుకున్న
పసుపు, బూడిదరంగు పొక్కుల్ని
గీకి గీకి వదిలించాలి.
రాయికింతని కూలి.

ఏడో తరగతిలో జీవశాస్త్రం మాస్టారు
ఆమె పరీక్ష కాగితం పైకెత్తి చూపించి
ఇంత తెల్లగా ఉన్నది తానెప్పుడూ దిద్దలేదన్నాడు.
క్లాసంతా నవ్వింది.
ఆ నవ్వు ముప్పై ఏళ్లు
ఆమె చెవిలోనే కాపురముంది.

ఒక అక్టోబరు పొద్దున
తాత పాత కెమెరాలోంచి ఊడిన లెన్సు
ఏప్రాన్ జేబులో ఉండిపోయింది.
ఎందుకు తీసిందో, ఎందుకు ఒంగిందో!
పొక్కు అనుకున్నది పొక్కు కాదు.
నిండా చిన్న చిన్న గిన్నెలు, నారింజ రంగువి,
ఒక్కోటీ ఆవగింజలో సగం,
రాత్రి కురిసిన వానను పట్టుకుని కూర్చున్నాయి.
బ్రష్షు చేతిలోనే ఉంది.
ఆ రోజు ఒక్క రాయీ తోమలేదు.

మనం మసాలాలో వేసి
నూనెలో వేగాక మరిచిపోయే రాతిపువ్వుకు
చుట్టాలవి.
ఆమెకది తెలీదు. అప్పటికి ఏదీ తెలీదు.
ఆ తెలీకపోవడమే
దురదలా పట్టుకుంది.

పాత సామాన్ల కొట్లో అట్ట ఊడిన పుస్తకం దొరికింది.
అన్నీ లాటిన్ పేర్లు, నోరు తిరగదు.
బంగాళాదుంపల తొక్క తీస్తూ
ఒక్కో పేరూ కూడబలుక్కుంది
కొత్తగా దిగిన పొరుగువాళ్లను పిలవడం నేర్చుకున్నట్టు.
తప్పు పలికితే నవ్వేవాళ్లు లేరు.
పిల్లి ఉంది. దానికి పట్టింపు లేదు.

రెండో చలికాలానికి తట్టింది:
ప్రతి రాయి మీదా తేదీ ఉంది కదా!
నూరేళ్ల రాయి మీద మచ్చ ఎంత వెడల్పు?
యుద్ధం నాటి రాయి మీద?
నిరుడు పోయిన పడవల మేస్త్రీది మాత్రం
ఇంకా నున్నగా, ఏమీ మొలవకుండా ఉంది.
బట్టలు కుట్టే టేపుతో కొలిచి
పిండి సంచుల వెనక రాసుకుంది.
లెక్కలంటే వణికిన మనిషి
భాగహారాలు చేసింది, సరిరాకపోతే
అర్ధరాత్రి లేచి మళ్లీ చేసింది.
ఏడాదికి గోరంచు అంత కూడా పెరగవు కొన్ని.
ఉత్తరం వైపు ఇంకా నిదానం.
ఎందుకు?
ఆ ఎందుకుతో మరో రెండేళ్లు గడిచాయి.

చిక్కు కూలి దగ్గర వచ్చింది.
మనసుపడ్డదాన్నే గీకాలి.
పేరూ తేదీ ఉన్నంత మేర తోమి
అంచులు వదిలేయడం మొదలుపెట్టింది.
సాల్మే అనే ముసలావిడ కర్ర ఊపుతూ వచ్చింది,
మా ఆయన రాయి సగమే తోమావు,
సగం డబ్బులే ఇస్తానని.
హెల్యు వాదించలేదు. లెన్సు చేతిలో పెట్టింది.
సాల్మే మోకాళ్ల మీదికి దిగడానికే చాలాసేపు పట్టింది,
లేవడానికి అంతకన్నా.
"బతికున్నప్పుడూ ఇంతే,
గడ్డం గీయమంటే వినేవాడు కాదు"
అంటూ మొత్తం డబ్బులిచ్చింది.

మొన్న వేసవిలో
టార్టూ నుంచి వచ్చిన కుర్ర పరిశోధకుడు
పిండి సంచులు ఒక్కొక్కటే తిప్పి చూసి
మీరెక్కడ చదువుకున్నారని అడిగాడు.
ఆమె వెంటనే ఏమీ అనలేదు.
తెల్లకాగితం గుర్తొచ్చింది కాబోలు.

తర్వాత, ఆకాశం వైపు చూసి అంది:
ఎండిపోయి ఉన్నప్పుడు ఇవేమీ చెప్పవు బాబూ.
వాన పడనీ. తడిశాక రంగు విప్పుతాయి.
అప్పుడు రా.
గొడుగు మాత్రం తేకు,
లెన్సుకో చెయ్యి, టేపుకో చెయ్యి కావాలి.