రెండో ఆటకి పదకొండు మంది

కందుకూరులో శుక్రవారం పడింది బొమ్మ.
గేటు కాడ టికెట్లు చించేది నేను,
ఇరవై రెండేళ్ళుగా.
చించేటప్పుడు చేతికి తెలిసిపోద్ది
ఏ బొమ్మ ఎన్నాళ్ళో.
దీనికి నాలుగు రోజులన్నాను.
ఉదారంగానే అన్నాను.

సెల్‌ఫోన్ల కొట్టు పెంచలబాబు తీశాడు,
రెండెకరాల మెరక అమ్మి,
బావమరిది చేత కెమెరా పట్టించి,
పొన్నలూరు దోవలో పాడుబడ్డ పొగాకు బ్యారన్‌లో
పద్దెనిమిది రాత్రుల్లో.

తప్పులు చెప్పుకుంటూ కూచుంటే తెల్లారుద్ది.
అమావాస్యన్నారు, గోడ మీద తాటిచెట్టు నీడ పడింది.
మంత్రగాడు కత్తి ఎత్తకముందే
నిమ్మకాయ లోపలి ఎరుపు మాకు కనపడింది.
పాటకి ముందు వెనక్కి తిరిగున్న దయ్యం పాదాలు
పాటయ్యాక ముందుకొచ్చినాయి.
తాడు కట్టి ఎగరేసింది ఆడమనిషిని కాదు,
లైట్లు మోసే మస్తానుకి చీర కట్టారు,
ముంజేతుల మీద వెంట్రుకలు, గడియారం మచ్చ.
భయపడాల్సిన చోటల్లా
రేకుడబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టు మోత,
మనం ఎక్కడ మర్చిపోతామోనని.
నవ్వించేవాడొస్తే ఒక్కడూ నవ్వలేదు,
దయ్యమొస్తే నవ్వారు.

అయితే,
ఇంటర్వెల్ అయినాక
ఓ నాలుగు నిమిషాలున్నాయి.

అక్కడికొచ్చేసరికి చేతిలో డబ్బయిపోయిందంట.
మద్రాసులో వాయించేవాడు
ఆ ముక్క వాయించకుండా వదిలేశాడు.
జనరేటర్లో డీజిల్ లేదు.
ఎవరో టార్చిలైటు పట్టుకున్నారు,
పట్టుకున్న చెయ్యి కొంచెం వణికింది.
ఆ వెలుగులో నేలమీద మాలకొండమ్మ.
నిజంగానే గ్రేడింగుకి పోయే మనిషి,
ఓగూరు నించి ఆటోలో తీసుకొచ్చారు.
ఏం చెయ్యమంటావని అడిగితే
"రోజూ చేసేదే చెయ్యమ్మా" అన్నాడంట పెంచలబాబు.
వాడు డైరెక్టరైంది ఆ ఒక్క మాటతోనే.

ఆమె మండె మీంచి ఆకు తీస్తది,
తొడిమె పట్టి ఒక్కసారి విదిలిస్తది.
పసుపుది ఇటు.
గోధుమది అటు.
మచ్చాకు వెనక్కి.
కళ్ళు ఆకు మీద లేవు, మన మీదా లేవు.
ఆకు చప్పుడు తప్ప హాల్లో ఇంకేం లేదు,
ఎండిన ఆకు, మెత్తబడ్డ ఆకు,
దేని చప్పుడు దానిదే.
చచ్చిపోయిన కూలిమనిషి
రాకుండా పోయిన రోజుల పని పూర్తి చేస్తా ఉందని
చెప్పడానికి ఒక్క డైలాగూ లేదు.
పాప్‌కార్న్ నమిలేవాడు నోరు ఆపాడు.
నేను గేటొదిలి లోపలికొచ్చి
తెర పక్కన నిలబడ్డాను, ఎందుకో తెలీదు.
మా అమ్మ వేళ్ళు గుర్తొచ్చినాయి.
ఎంత సబ్బు పెట్టినా పోని పసుపు,
ముద్ద కలిపితే అన్నం చేదు.

చివర్లో మాలకొండమ్మ దగ్గింది.
రాసుకున్న దగ్గు కాదది,
ఘాటు పట్టి వచ్చింది, అట్నే ఉంచేశారు.
అప్పుడు హాల్లో
మూడో వరసలో
ఇంకెవరో దగ్గారు.
అదే దగ్గు.

వెన్నులో చలి దిగింది నాకు.
ఇన్ని దయ్యాల బొమ్మలకి టికెట్లు చించాను,
ఎప్పుడూ దిగలేదు.

తర్వాత మళ్ళీ డబ్బా, గులకరాళ్ళు, మస్తాను.
మేస్త్రీ గొంతు పిసికి బావిలో తోసి
కూలి దక్కిందన్నట్టు ఆకాశంలోకి పోయింది దయ్యం.
దేనికి తోశావమ్మా, ఆ నేలమీదే కూచోనుంటే
నూరు రోజులాడేది, అనుకున్నాను.
నూరు ఆడదులే. వారమన్నా.

ఆట విడిచాక పది మంది పోయారు.
పదకొండో మనిషి గేటు కాడ ఆగింది.
నెత్తిన కొంగు, చేతిలో నేను చించిన సగం టికెట్టు.
"అబయా, పెంచలబాబు వచ్చుండాడా?
రెండు రాత్రుల కూలి రావాల నాకు.
మూడుసార్లు తిరిగితి."

లేడన్నాను. కొట్టుకి తాళమేసుందని అనలేదు.
సరేలే అని మెట్లు దిగతా ఉంటే
ఆగలేక
కాళ్ళవంక చూశాను.

ముందుకే ఉన్నాయి.
హవాయి చెప్పులు,
ఎడమదానికి పిన్నీసు.