తొమ్మిది గ్రాముల ఉప్పు

రాత్రి రెండింటికి ఫోన్ మోగితే
అటువైపు గన్నర్ ఒక్కటే మాట అంటాడు:
"పడుతోంది."
ఏం పడుతోందని డులూత్‌లో ఎవరూ అడగరు.

సాక్సు మీద సాక్సు తొడుక్కుంటాను.
రెండో సంచిలో తెల్ల బూట్లు, స్టెతస్కోపు,
ఇస్త్రీ చేసిన నీలం యూనిఫాం.
మడత నలగకూడదని
రొట్టెల డబ్బాను అడుక్కి నెడతాను.
నలభై మూడేళ్ళు నాకు.
పాఠం చెప్పే ఓస్‌గార్డ్ మేడమ్ కన్నా
నాలుగేళ్ళు పెద్ద.

వెనకాల పది టన్నుల ఉప్పు,
ముందు పన్నెండడుగుల ఇనుప రెక్క,
మధ్యలో డ్యాష్‌బోర్డుకి అంటించిన చీటీలు.
సోడియం: నూట ముప్పై అయిదు నుంచి నూట నలభై అయిదు.
పొటాషియం: మూడున్నర నుంచి అయిదు.
ఎర్ర దీపానికి ఒక చీటీ చొప్పున చదువుతాను.
వాలు దిగేటప్పుడు మాత్రం చదవను,
ఈ ఊళ్ళో వీధులన్నీ
సరస్సులో దూకాలనే చూస్తుంటాయి.

ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
నేను రెండు చోట్లా తింటున్నాను.
ఇక్కడ చెయ్యి జారితే ఇంకాస్త చల్లాడంటారు.
అక్కడ లీటరు నీళ్ళకి తొమ్మిది గ్రాములు,
పదోది అడగడానికి లేదు.
ఇక్కడ తెల్లారేలోపు రోడ్డు నల్లబడాలి, తొందర.
అక్కడ పడిపోయిన సోడియాన్ని
గబగబా పైకి లాగితే మెదడు తట్టుకోదు, నిదానం.
ఏడున్నరకి లారీ దిగి ఎనిమిదికి వార్డులో నిలబడేలోపు
ఈ తొందర కాస్తా ఆ నిదానం కావాలి.
ఒక్కోరోజు కాదు.

వెనక వరుసలో నా పక్కన పా న్యా కూర్చుంటుంది.
ఇరవై ఒక్కేళ్ళు, వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
ఒకరు తూలితే ఒకరు బూటుతో తన్నాలని ఒప్పందం.
మందుల పరీక్ష రోజు
ఇద్దరం ఒకేసారి తూలాం.
డెబ్భై ఎనిమిది రావాలి. నాకు డెబ్భై ఆరు.
తనకెంతో చెప్పలేదు,
క్యాంటీన్లో నా చిప్స్ కూడా తినేసింది.

నాలుగొందల పన్నెండో గదిలో ఎల్మర్ టుయోమినెన్,
ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎక్కించి రిటైరైన మనిషి.
సోడియం నూట ఇరవై ఆరు.
ఏ సంవత్సరమంటే తప్పు చెప్పాడు,
ఏ ఊరంటే కిటికీ వైపు చూశాడు.
మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతుంటే
ఉన్నట్టుండి తేరుకుని,
"పదకొండో వీధికి మంచు తోసేవాడొకడున్నాడు, దొంగవెధవ,
నేను పారతో ఎత్తిపోసిన వాకిలికే
మళ్ళీ గోడ కట్టి పోతాడు.
పన్నెండేళ్ళుగా!
వాడెవడో తెలుసా నీకు?"

ముప్పై ఒకటి దగ్గర లెక్క పోయింది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

స్థలం తెలియడం లేదు, కాలం తెలియడం లేదు అని
చార్టులో రాశాను.
శత్రువు తెలుసు అని రాయడానికి గడి లేదు.

గురువారం మళ్ళీ పడింది.
పదకొండో వీధి, వరండా దీపం ఆర్పి ఉన్న ఇల్లు.
వాకిళ్ళ దగ్గర ఆగకూడదని రూలు,
ఒకరికి తీస్తే వీధంతా అడుగుతుంది.
రెక్క పైకెత్తాను.
వెనక్కి వచ్చాను.
ఆ గోడని అవతల ఖాళీ స్థలంలోకి నెట్టి
గుప్పెడు ఉప్పు నా చేత్తోనే మెట్ల మీద చల్లాను,
తొమ్మిది గ్రాములో తొంభయ్యో, తూచలేదు.

అక్కడ పోయిన ఆరు నిమిషాలు
వార్డు తలుపు దగ్గర దొరికాయి.
"ఆలస్యం. ఇది రెండోసారి," అంది ఓస్‌గార్డ్ మేడమ్,
"మూడోసారైతే ఇంటికే.
కారణం?"

మంచు, అన్నాను.
పెన్ను పట్టుకోడానికి వేళ్ళు ఇంకా వంగలేదు.
ఆమె నా బూట్ల వైపు చూసింది,
తెల్లవి కావు, మార్చుకోవడం మరిచాను,
గచ్చు మీద నా వెనకాలే
ఉప్పు చారలు.