ఏడో నంబరు

కయోగల్ దాటాక పదకొండు కిలోమీటర్లు.
వాగు పేరు బోర్డు మీద సగం చెరిగిపోయింది,
మిగిలిన సగంతోనే పిలుస్తారు ఇక్కడివాళ్ళు.
దాని మీద ఐరన్‌బార్క్ దూలాల వంతెన,
తొంభై రెండేళ్ళది.
దాని కింద నేను,
నడుముకి తాడు, నోట్లో టార్చి,
జేబులో అగ్గిపెట్టెలంత సెన్సర్లు ఎనిమిది.

ఒక్కొక్కటి రెండు మాంసం పైలూ ఒక కాఫీ ధర.
కౌన్సిల్ మీటింగులో ఆ లెక్కకే చేతులు లేచాయి.
ఖరీదైనవి సిడ్నీ వంతెనకి.
మావి గొడ్లు దాటే వంతెనలు, నూట ఎనభై.

జిగురు రాసి
నూరు లెక్కపెట్టేదాకా దూలానికి అదిమి పట్టాలి,
పిల్లాడి నుదుటిమీద చెయ్యి పెట్టినట్టు.

పైన కమ్మీకి ఆనుకుని లయల్ హెఫర్నన్,
నలభై ఏళ్ళుగా ఈ దూలాల్ని సుత్తితో కొట్టి వింటున్నవాడు.
సుత్తి పిడి ఆయన బొటనవేలి ఆకారానికి అరిగింది.
"ఏం వింటాయవి?" అన్నాడు.
వినవు, వణుకుతాయి, వంతెనతో పాటు, అన్నాను.
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

మందులషాపు పైన నా అద్దెగదిలో
తెర మీద ఎనిమిది గీతలు.
నాలుగుంబావుకి పాల ట్యాంకరు:
ఎనిమిదీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి.
ఏడూయాభైకి స్కూలు బస్సు.
ఆదివారం గుర్రం.
గుర్రమని ఎలా తెలుసంటారా,
నాలుగు కాళ్ళ లెక్క గీతలో ఉంటుంది.
వాన రాత్రి ఏ బండీ లేకుండానే
స్తంభాల్ని నీళ్ళు తోస్తుంటే
సన్నటి మూలుగు.

మార్చిలో ఏడో నంబరు వేరే మాట ఎత్తుకుంది.
మిగతావి ఊగి ఆగితే
ఇది అవి ఆగాక కూడా ఊగుతుంది.
సెకనుకి ఆరుసార్లు కొట్టుకోవలసింది
ఐదున్నరకి దిగింది.
"చవక సరుకు," అన్నాడు మేనేజరు.
ఆ మాట ఎంత చవగ్గా వస్తుందో నోటికి.
"దాన్ని వదిలేసి సగటు తియ్యి."
తీశాను.
రిపోర్టు పచ్చరంగులో వచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదని రాస్తే బాగుంటుంది.
పట్టింది.
పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే
రాజాం సంతలో మా పెద్దత్త గుర్తొచ్చింది.
ఒక్కో కుండనీ వేలికణుపుతో కొట్టి, చెవి ఒగ్గి,
"తొమ్మిది మోగాయని
పదోదాంట్లో నీళ్ళు నిలుస్తాయిటే?"

లయల్‌కి ఫోన్ చేశాను.
వచ్చాడు. తెర వైపు చూడలేదు.
ఐదో దూలం, టంగ్.
ఆరోది, టంగ్.
ఏడోది
డొప్.
"డొల్ల," అన్నాను నా భాషలో.
తలూపాడు, అర్థం అడక్కుండా.
డ్రిల్లు రెండంగుళాలు కీచుమని
తర్వాత అటుకుల బస్తాలోకి దిగినట్టు దిగిపోయింది.
పొడి రాలింది. పొడి వెనక
తెల్లటి చెదలు, నింపాదిగా,
ఎవరు తలుపు కొట్టారో చూద్దామన్నట్టు.

వంతెన మూశారు. చుట్టుదారి నలభై మూడు కిలోమీటర్లు.
పాడి నడిపే ట్రూడీ మక్లెనన్
ట్రక్కు ఇంజను ఆపకుండానే తిట్టింది:
"తొంభై రెండేళ్ళు నిలిచిందిగా,
నీ అగ్గిపెట్టెలొచ్చాకే పడిపోయిందా?"
పడలేదండీ, అన్నాను.
అంతకంటే ఏం చెప్పాలో తెలీలేదు.
పేపరు కుర్రాడొచ్చాడు ఫొటోకి.
పడని వంతెనని ఎటునుంచి తియ్యాలో అర్థంకాక
అడ్డంపెట్టిన నారింజ కంచెని తీసుకున్నాడు.

జూన్‌లో కొత్త దూలం వేశారు.
పాతదాన్ని కోసి
మూరెడు ముక్క లయల్ ఇంటికి మోసుకెళ్ళాడు,
వరండాలో పీట చేసుకుంటాడట.
ఏడో నంబరు దానికే అతుక్కుని ఉంది.
ఊడదీసుకోండి అన్నాను, వినలేదు.
బ్యాటరీకి ఇంకా ఎనిమిది నెలలుంది.

ఇప్పుడా గీతలో ట్యాంకరు లేదు, బస్సు లేదు.
మధ్యాహ్నాలు ఏదో మెత్తగా తడుతూ ఉంటుంది,
కుక్క తోక అయివుంటుంది.
సాయంత్రం ఆరింటికి మాత్రం
మూడు దెబ్బలు, దూరం దూరంగా,
ఆ తర్వాత కాసేపు
వింటున్నట్టు ఖాళీ.