తేదీ ముట్టుకున్నవి

శనివారం రాత్రి తొమ్మిదికి
బితోమ్ ఊళ్లో దుకాణాల షట్టర్లు దిగుతాయి.
ఆదివారం తెరవకూడదని చట్టం.
సోమవారం పొద్దుటికి పాలకూర నీరుకారుతుంది,
అరటిపళ్లకు మచ్చలు లేస్తాయి,
పెరుగు డబ్బాల మీద నేనే గుద్దిన అంకెలు
నా మీదే సాక్ష్యం చెబుతాయి.

పదకొండేళ్లుగా లేబుల్ తుపాకీ పట్టినవాణ్ణి.
ముందు పసుపు చీటీ, తర్వాత ఎర్ర చీటీ,
ఆ తర్వాత పెరట్లో ఇనప డబ్బా.
డబ్బాకి తాళం.
తాళంచెవి నా మొలకి.

ఒక చలికాలం,
ఎవరో రాత్రిళ్లు తాళం విరగ్గొడుతున్నారని
రొట్టెల మీద బ్లీచింగ్ పోయమన్నారు.
పోశాను.
మూడు రోజులు ఆ వాసన నా వేళ్లని వదల్లేదు.
మూడు రోజులూ మా జుజన్నా
జడ వేయించుకోడానికి నా దగ్గరికి రాలేదు.

బ్రోనియా వచ్చింది ఆ వారమే.
ముప్ఫయ్యేళ్లు ట్రాము నడిపిన మనిషి
మంచు మీద జారే పిల్లల బండిని తాడుతో లాక్కుంటూ వచ్చింది,
మనవడిదట, ఒక పక్క విరిగింది.
మేనేజరు ఎదట నిలబడి
ఒక రొట్టె ఎత్తి చూపించింది.
"దీన్ని ఎవరైనా కొరికారా?"
లేదన్నాడు.
"కిందపడిందా?"
లేదన్నాడు.
"మరి దీనికేం వచ్చింది?"
అతను తేదీ చూపించాడు.
ఆమె కళ్లజోడు పైకి తోసుకుని
పేపర్లో పోయినవాళ్ల పేర్లు చూసినంత శ్రద్ధగా చదివింది.
"నా తేదీ కూడా దాటిపోయింది నాయనా,
పెన్షను కాగితం మీద రాసే ఉంది.
అయినా పొద్దున లేస్తే
నాకు ఆకలేస్తోంది."

నోరు తాకితే ఎంగిలి.
ఇక్కడ ఏ నోరూ తాకలేదు,
తాకింది ఒక్క అంకె.
అంకె ఎంగిలి చేస్తే
కూడు కూడు కాకుండా పోతుందా?
ఇంత చిన్న ప్రశ్న
పదకొండేళ్లలో నా చేతికి తగల్లేదు.
తుపాకీ అడ్డం ఉండేది.

చర్చి వెనక రేకుల పాక.
పాకలో పాత ఫ్రిజ్.
బయట సున్నాకి పదహారు డిగ్రీలు కింద.
ఫ్రిజ్ ఉన్నది చల్లబరచడానికి అనుకునేవాణ్ణి,
ఆ రాత్రి బ్రోనియా దానికి దుప్పటి చుట్టి
లోపల నలభై వాట్ల బల్బు వెలిగించింది.
క్యారట్లు, రెండు డజన్ల గుడ్లు, నలిగిన కాలీఫ్లవరు
గడ్డకట్టకుండా వెలుతురు కాచుకున్నాయి
జ్వరమొచ్చిన పిల్లల్లా, దగ్గర దగ్గరగా.

ఐదింటికి ఎర్విన్ వస్తాడు,
మూతపడ్డ బొగ్గుగనిలో పనిచేసినవాడు.
చీకట్లోనే వస్తాడు, ఎవరూ చూడకూడదు.
రెండు డబ్బాల పెరుగు తీసి
ఒకటి తిరిగి పెట్టేస్తాడు.
ఎందుకని ఎవరూ అడగరు.
ఖార్కివ్ నుంచి వచ్చిన లెస్యా
ఏడేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొస్తుంది.
ఆ పిల్ల పోలిష్ అంకెలు నేర్చుకున్నది
నేను గుద్దిన తేదీల మీదే.
పధ్నాలుగు. పందొమ్మిది. ఇరవై మూడు.
తప్పు పలికితే బ్రోనియా దిద్దుతుంది.

అన్ని రోజులూ ఇలా గడవవు.
ఒకసారి చేపలు కంపు కొట్టాయి, పారబోశాం.
ఒకసారి ఎవడో బల్బు ఎత్తుకుపోయాడు.
మంచు కరిగిన వారం పాక కురిసింది.
రెండు శనివారాలు మేనేజరు మనసు మార్చుకున్నాడు,
ఆమె బండి ఖాళీగా వెనక్కి వెళ్లింది,
విరిగిన పక్క నేలమీద గీత గీస్తూ.

నిన్న పై అరలో ఒక సీసా.
మేమిచ్చిన బీట్‌రూటే,
వెనిగర్లో ఊరి రక్తచందనం రంగు తేలింది.
తేదీ ఉండాల్సిన చోట పెన్సిల్‌తో, వంకర రాతలో:
"ఎవరికి కావాలంటే వాళ్లకి."
గనిలో బండల మీద గుర్తులు పెట్టిన చెయ్యి
అలాగే రాస్తుంది.

మూత తీశాను. చేతుల మీద ఒలికింది.
ఇంటికెళ్లి కడుక్కున్నా ఎరుపు పోలేదు.
జుజన్నా నా వేళ్లు పట్టుకుని వాసన చూసింది,
ఏమీ అనలేదు.
దువ్వెన తెచ్చి నా ఒళ్లో పడేసి
వీపు తిప్పి కూర్చుంది.