కౌంటు

నరసాపురం బస్టాండు పక్క సెల్లు కొట్లో
ముప్పై రూపాయలకి కార్డు నింపేవాణ్ణి.
పాటలు, రెండు సినిమాలు,
అడిగినవాళ్లకి అడుగున ఇంకోటి.
ఫైలు పేరు జపాను. అంతే. నాలుగు గంటలు.

రొయ్యల చెరువు కాపలా ఏసుపాదం
గట్టు మీద గుడిసెలో అది చూసేవాడు.
ఏరేటర్ల హోరుకి మాటలు వినపడవు,
వినపడినా మనకి రావు.
తెల్లారి మేత వేసేలోపు చార్జింగు అయిపోయేది.

ఒకసారి కాపీ మధ్యలో ఆగిపోతే సరిచూద్దామని తెరిచాను.
ఒకామె తర్వాత ఒకామె,
మొహం కుదురుకునేలోపు ఇంకొకామె.
ఎంతమందో లెక్కపెట్టబోయి
నలభై దగ్గర తప్పిపోయాను.
చివర పేర్లు వేసే చోటు ఎవరో కోసేశారు.
ఒకామె మాత్రం, కెమెరా ఆగిందనుకుందో ఏమో,
పిన్ను పళ్లతో పట్టుకుని
జుట్టు ముడేసుకుంది.
అచ్చం మా నూకరత్నం వేసే ముడి.

నూకరత్నం మా అక్క.
మొగల్తూరు రోడ్డు ప్లాంటులో రొయ్యకి తల తీస్తుంది.
నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, కళ్లే కనపడతాయి.
పేరుతో పిలవరు, టోకెను నూట పన్నెండు.
కేజీకి ముప్పై, కేజీకి నలభై,
సూపర్వైజరు రాసేవన్నీ రొయ్యల లెక్కలే.
ఐసు నీళ్లకి వేళ్లు పాసిపోయి
రాత్రి అన్నంలోకి చెంచా అడుగుతుంది.
ఆ పెట్టెలు జపాను పోతాయట.

ఏసుపాదం మళ్లీ వచ్చాడు, "కొత్తదేమన్నా ఉందేంటి?"
లేదన్నాను.
ఉంది.
పాటలే ఎక్కించి ఇరవయ్యే తీసుకున్నాను.
పది రూపాయల మంచితనం.
పై వీధిలో ఇంకో కొట్టుంది. అటే నడిచాడు.