ఏడో ప్రశ్న, పది మార్కులు

తిరుపతిలో స్పాట్. మే నెల.
పూటకు ముప్పై పేపర్లు.
ఎర్ర రీఫిల్లు వాళ్ళే ఇస్తారు,
మజ్జిగ మాత్రం పదకొండుకే అయిపోతుంది.
ఫ్యాను గాలికి కట్టలు లేచిపోకుండా
తలా ఒక రాయి తెచ్చుకున్నాం.
నాది స్వర్ణముఖి ఇసుకలో దొరికింది.
అక్కడ నీళ్ళు పారేవని
దాని నునుపుకి మాత్రమే గుర్తుంది.

ఏడో ప్రశ్న:
విదేశాంగ విధానంలో ప్రజాస్వామ్య విలువల పాత్రను వివరింపుము.
పొద్దుటి నుంచి ఇరవై రెండు మంది వివరించారు.
ఇరవై రెండు మందీ ఒకే గైడు చదివారు.
ఇరవై రెండు సార్లు రెండు దేశాలు
ఉమ్మడి విలువల పునాదిపై చేతులు కలిపాయి.
కొమ్ము మరిచి 'పనాది' అని రాసినవాళ్ళకి కూడా
ఆరు వేసుకుంటూ పోయాను.

ఇరవై మూడోది.
పేరుండదు, కోడ్ నంబరే.
ఎడమకి వాలిన అక్షరాలు,
ఎవరో వెనకనుంచి పిలిచినట్టు.
మొదటి పేరా గైడులోదే.
రెండో పేరాలో పెన్ను మారింది,
నీలం పోయి నలుపు.

"మా నాయన బంగారుపాళెం మండీకి తోతాపురి తోల్తాడు.
పోయినేడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు మూసేసినారు.
ఏమంటే, ఆ దేశానికీ మనకీ మాట పట్టింపు వచ్చిందంట.
డ్రమ్ములు ఓడ ఎక్కలేదంట.
మూడు రాత్రులు ట్రాక్టరు రోడ్డు పక్కనే ఉన్నది.
నాలుగో దినం కాయంతా వంకలో పోసినాము.
ఆ దేశం పేరు మా నాయనకు నోరు తిరగదు,
తిట్టుకుందామన్నా తిట్టలేడు.

రెండు దేశాల్లోనూ ఓట్లుండాయి సార్.
సావాసం చేసేటప్పుడు జనం పేరు చెప్తారు.
కోపం వచ్చినప్పుడు జనాన్ని అడగరెందుకు?
మా మామిడి రైతుల సంఘానికి
ఆరేండ్లుగా ఎన్నిక లేదు.
చిత్తూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చి సంతకం పెట్టి పోతాడు.
ఇంట్లో అడగనోడు
పొరుగూర్లో అడుగుతాడా అంటాది మా అవ్వ.
కావున విలువల పాత్ర"

అక్కడ ఆగింది.
బెల్లు కొట్టేశారేమో.
పాత్ర తర్వాత
పదకొండు ఖాళీ గీతలు.

నా దగ్గరున్న కీలో
నిర్వచనానికి రెండు, అలీన విధానానికి మూడు,
ఐక్యరాజ్య సమితికి మూడు, ముగింపుకి రెండు.
వంకలో పోసిన కాయకి
మార్కులు లేవు.

చీఫ్ చెంగల్రాయులు గారికి చూపించాను.
కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి చదివారు.
వంక దగ్గర ఒక్క నిమిషం ఆగినట్టే అనిపించింది.
"బాగుందబ్బా. కానీ విదేశాంగం అడిగితే
బంగారుపాళెం రాసినాడు. మూడెయ్యి."

బంగారుపాళెం ఏ దేశంలో ఉంది సార్
అని నోటిదాకా వచ్చింది.
మజ్జిగతో పాటు మింగేసిన
పొద్దుటి కాగితం అడ్డం పడింది.

పేపరుకింత అని ఇచ్చే డబ్బు తగ్గించడానికి
'అందరి సమ్మతితో' అని రాసుకుని
బెంచీ బెంచీకీ తిప్పారు.
నాది పద్నాలుగో సంతకం.
పై పేజీ తిప్పి చూడలేదు.
పక్కనున్న మునికుమారి మేడం
"ఏం రాశారండీ అందులో?" అంటే
"మామూలే" అన్నాను.
ఆమె కూడా పెట్టేసింది.

తిరిగొచ్చి కూర్చున్నాను.
మూడు వేశాను.
రాయిని ఇటునుంచి అటు జరిపాను.
మూడు కొట్టేసి ఎనిమిది వేశాను.
ముగింపు రెండూ ఇవ్వలేదు,
అది నేను మాత్రం ఎక్కడ చూశాను గనక.

దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టాలి,
అది నియమం.
పెట్టాను,
ఈసారి చదివి.

రేపు రీచెక్కింగులో ఎవరైనా అడిగితే
ఏం చెప్పాలో ఇంకా తెలీదు.

రాయి ఎత్తి ఇరవై నాలుగోది తీశాను.
రెండు దేశాలు
మళ్ళీ చేతులు కలిపాయి.