పసుపు సుక్క

కాలు పెడితే అరుస్తది, తీస్తే ఊకుంటది
అన్నది నీలోఫర్ మేడం.
పండ్ల డాక్టరు గదా,
నొప్పిని తక్కువ మాటలల్ల చెప్పుడు ఆమెకు అలవాటు.

రెండే సీట్ల బండి. తలుపు నా మోకాలెత్తు.
ఎర్ర రంగు ఎండకు ఎండకు
ఏనుమాముల యార్డుల తాలు కాయ లెక్కయింది.
చేసిన కంపెనీ మూతవడి ఎన్నేండ్లాయెనో.
ఐతారం పొద్దుగాల ఒక్కతే ఏసుకొని
గూడెప్పాడు దాటి ములుగు దాక పోయి
చాయ తాగి మళ్లొస్తదట.
గంతే పని దానికి.

ఆటోనగర్ల నా షెడ్డు ముందట ఆపంగనే
లారీల కాడి పోరగాండ్లు గుమిగూడిండ్రు.
"గిది నడుస్తదా అన్నా?"
నడుస్తది. కూస్తది గూడ.

పొడుగు స్క్రూడ్రైవరు గేర్‌బాక్సుకు ఆనిచ్చి
పిడిని చెవు ఎనుక బొక్కకు ఒత్తిన.
కుడి చెవే.
ఎడమది ముప్పై ఏండ్ల సుత్తె దెబ్బలకు
ఎప్పుడో రాజీనామ ఇచ్చింది.
"రిలీజ్ బేరింగ్ పోయింది మేడం,
హైదరాబాద్ల గూడ దొర్కుతదో లేదో" అన్న.
అట్లన్నప్పుడు నాకు నేనే పెద్ద డాక్టరు లెక్క కొడ్త.

ఓదెలు, కాటారం పోరడు,
పని నేర్వవట్టి ఇంక ఏడాది నిండలే,
తాళం తిప్పి ఇంజను బందువెట్టిండు.
మళ్ల తొక్కిండు.
కీఁచ్.
"తిరగని బేరింగ్ ఎట్ల అరుస్తదన్నా"
అన్నడు, నా మొకం దిక్కు సూడకుంట.

సరే, దించినం.
నూనె డబ్బల పట్టినం, ఇరుసులు గుంజినం,
ఇంజను కింద టేకు మొద్దు పెట్టినం.
బోల్టులకు పానా ఏసేటప్పుడు కండ్లవడ్డది
తల మీద పసుపు రంగు సుక్క.
దాని పక్క దాని మీద గూడ.
ఆరింటి మీద ఆరు.

బిగిచ్చినంక సుక్క పెట్టుడు మా నాయిన పద్ధతి,
మళ్ల సూడాల్సిన పని లేదని గుర్తు.
ఈ ఊర్ల అట్ల పెట్టేటోణ్ణి నేనొక్కణ్ణే.

ఈ బండి నాకెర్కే. ఆమెకు చెప్పలే.
నాలుగేండ్ల కింద, పాతాయన దగ్గర ఉన్నప్పుడు
క్లచ్ ప్లేటు మార్చింది నేనే.
అటెన్క ఎవడో చెయ్యి పెట్టి ఖరాబు చేసిండనుకున్న,
పొద్దటి సంది వాన్ని మనసుల తిట్టుకుంటనే ఉన్న.
సుక్కలు పెచ్చు గూడ లేవలే.
ఎవ్వడూ చెయ్యి పెట్టలే.

గేర్‌బాక్సు ఛాతి మీదికి దిగింది.
బేరింగ్ తిప్పి సూశిన, మెత్తగ తిరిగింది.
ఫోర్కు కింద గోలీ అంత గుండు,
ఒర్సుకొని ఒర్సుకొని అద్దం తీర్గ మెరుస్తాంది.
గ్రీజు లేదు. ఎండిన గ్రీజు జాడ గూడ లేదు.

ఆ రోజు నాకేం ఆపతి లేకుండె.
ఇంట్ల ఎవ్వలకు పానం బాగలేకపోలే.
తాగలే. ఎవ్వలతోటి కొట్లాడలే.
మర్శిన.
గంతే.

ఓదెలు సుక్కలు సూశిండు.
ఏమనలే.
గ్రీజు డబ్బ మూత తీసి నా దిక్కు జరిపిండు.

ఏలు నిండ తీసి రాసిన.
మళ్ల ఎక్కిచ్చినంక రంగు కుంచె వాని చేతికిచ్చిన.
వాడు ఒక్కొక్క బోల్టును మళ్ల పట్టి సూశి,
ఒక దాన్ని ఇంకో చుట్టు బిగిచ్చి,
అప్పుడు పెట్టిండు సుక్క.
పాత సుక్క మీద కాదు, పక్కన.

మాపటికి మేడం వచ్చి తొక్కి సూశింది.
మూడు సార్లు తొక్కింది.
"బేరింగ్ దొర్కిందా?"
"బేరింగ్ మంచిగనే ఉండె మేడం.
గ్రీజు పెట్టలే, నాలుగేండ్ల కింద. నేనే."
ఆమె నవ్వుతదనుకున్న, లేకుంటె కోపానికొస్తదనుకున్న.
"ఇంకేమన్న మర్శిండ్రా?" అని అడిగింది,
రోగిని అడిగినట్టు, నెమ్మదిగ.
ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె.
మజూరి తీసుకోలే.

బండి రోడ్డెక్కింది.
"ఏమన్న ఇనవడతాందారా?" అన్న.
"లేదన్నా" అన్నడు ఓదెలు.
కుడి చెవు అటు తిప్పి
అది మలుపు దాటిందాక
నేను గూడ ఇన్న.